ఆదోని రాయి, ఆరే నీరు

ఆదోని కొండల్ని నీటిరంగుల్లో వేయబోయేవారికి మొదటి చిక్కు రాయి దగ్గరే ఎదురవుతుంది. రణమండల కొండ మీది గుండ్లు దూరం నుంచి బూడిద రంగులో కనిపిస్తాయి. దగ్గరికి వెళ్తే ఆ బూడిద ఎక్కడా ఉండదు. గులాబీ చాయ ఫెల్డ్‌స్పార్, మెరిసే క్వార్ట్జ్, నల్ల అభ్రకం చుక్కలు, వాటి మీద వాన కారిన చారలు, ఎండిపోయిన లైకెన్ మచ్చలు ఉంటాయి. సుమారు 250 కోట్ల ఏళ్ల కిందట భూమి లోపల మెల్లగా చల్లారి స్ఫటికాలు కట్టిన గ్రానైట్ రాయి అది. ఆ గరుకుతనాన్ని సన్న కుంచెతో ఒక్కో చుక్కా పెట్టి చూపబోతే చివరికి బొమ్మలో చుక్కలే మిగులుతాయి, రాయి కనిపించదు.

అందుకే నీటిరంగుల చిత్రకారులు ఆ పనిని నీటికి అప్పగిస్తారు. తడి రంగు మీద కల్లుప్పు చల్లుతారు, స్పిరిట్ చుక్క వదులుతారు, మైనం రుద్దుతారు, నూలు పోగులు పరుస్తారు, ఆరీ ఆరని వాష్‌లో, అంటే పలుచగా పరిచిన రంగునీటి పొరలో, మంచినీటి బొట్టు వేస్తారు. నేర్పేవాళ్లు వీటిని చిట్కాలుగా, ఒకదానితో ఒకదానికి సంబంధం లేనట్టుగా చెబుతుంటారు. నిజానికి వీటిలో చాలావాటి వెనక ఉన్న సంగతి ఒక్కటే. కాగితం మీద తడి అంతటా ఒకే వేగంతో ఆరదు. ముందు ఆరే చోటికి, ఆలస్యంగా ఆరే చోటికి మధ్య నీరు నడుస్తుంది. నడుస్తూ రంగు రేణువుల్ని వెంట తీసుకుపోయి ఎక్కడో ఒకచోట దించుతుంది. అలా దించిన గుర్తులే మనం టెక్స్చర్ అనుకునేవి.

ఇది పట్టుబడితే ఇంకో విషయం కూడా తేలుతుంది. నీటిరంగుల మీద మనకు దొరికే పుస్తకాల్లో ఎక్కువ భాగం చల్లటి, తడి దేశాల్లో రాసినవి. వాటిలో ఉన్న నిమిషాల లెక్క ఆదోనిలో, ఎమ్మిగనూరులో పనికిరాదు.

ముందు కాగితం సంగతి చూద్దాం. మంచి నీటిరంగుల కాగితాన్ని పత్తితో చేస్తారు. పత్తి మార్కెట్ చుట్టూ పెరిగిన ఆదోనికి పత్తి గురించి కొత్తగా చెప్పేది ఉండదు గానీ, కాగితానికి పోయే భాగం గురించి చెప్పాలి. జిన్నింగ్ మిల్లులో దూది విడిపోయాక కూడా గింజను అంటిపెట్టుకుని పొట్టి నూగు మిగులుతుంది. దాన్ని లింటర్స్ అంటారు. దారం తీయడానికి ఆ నూగు పొడవు చాలదు, కాగితం గుజ్జుకు మాత్రం బాగా సరిపోతుంది. పత్తి పోగులో 90 శాతానికి పైగా సెల్యులోజే. చెక్కగుజ్జులో ఉండి కాగితాన్ని పసుపు పట్టించే లిగ్నిన్ ఇందులో దాదాపు ఉండదు. అందుకే పత్తి కాగితం మీద వేసిన బొమ్మ తరాలు దాటినా తెల్లదనం పోగొట్టుకోదు. నానబెట్టి, రుద్ది, గీకినా అంత సులువుగా చిరగదు.

అయితే ఒట్టి సెల్యులోజ్‌కు నీరంటే మహా ఆత్రం. ఏ పూతా లేని పత్తి కాగితం మీద రంగు పెడితే అద్దుడు కాగితంలోలా పెట్టిన చోటే ఇంకిపోతుంది. దాన్ని ఆపే ఉపాయం ఎమ్మిగనూరులో ఏ నేతగాడిని అడిగినా తెలుస్తుంది. మగ్గానికి ఎక్కించే ముందు పడుగుకు గంజి పెడతారు. లేచిన నూగు అణిగి, పోగు రాపిడికి తెగకుండా నిలుస్తుంది. కాగితానికీ అలాంటి పూతే కావాలి. ఇటలీలోని ఫాబ్రియానోలో 13వ శతాబ్దం నుంచి జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసిన జెలటిన్ వాడారు. మన దేశపు చేతి కాగితాలకు గంజి పట్టించి, నున్నటి రాయితో రుద్ది మెరుగుపెట్టారు. మాచాని సోమప్ప 1938లో చేనేత సహకార సంఘాన్ని నిలబెట్టిన ఎమ్మిగనూరులో ఈ పూత సంగతి పిల్లలకు వివరించడానికి పెద్ద పాఠం అక్కర్లేదు, మగ్గం దగ్గరికి తీసుకెళ్తే చాలు.

పూత ఉన్న కాగితంలో నీరు వెంటనే లోపలికి దూకదు. కాసేపు పైన నిలిచి, తర్వాత పోగుల సందుల్లోకి మెల్లగా దిగుతుంది. ఆ సందులు వెంట్రుకలాంటి గొట్టాల పని చేస్తాయి. అలాంటి గొట్టాల్లో ద్రవం ఎంత దూరం పాకుతుందో 1921లో ఎడ్వర్డ్ వాష్‌బర్న్ లెక్కగట్టాడు. దూరం కాలానికి వర్గమూలంగా పెరుగుతుంది. ఒక సెంటీమీటరు పాకడానికి పట్టే కాలానికి నాలుగింతలైతే గానీ రెండో సెంటీమీటరు అంచు చేరదు. తడి కాగితం మీద పెట్టిన రంగు మొదట గబగబా విచ్చుకుని తర్వాత మందగించడం అందరూ చూసేదే. ఆ మందగించే దశలో కాగితం మీద ఉన్న తడి మెరుపు మెల్లగా మసకబారుతుంది. టెక్స్చర్లు ఎక్కువగా పుట్టేది ఆ కాసేపట్లోనే.

ఆ కాసేపు మన ఎండలో ఎంత కుదించుకుపోతుందో లెక్క వేసి చూద్దాం. నీరు ఎంత వేగంగా ఆవిరవుతుందనేది గాలిలో ఇంకా ఎంత ఆవిరికి చోటుందనే దాన్ని బట్టి ఉంటుంది. 20 డిగ్రీల గదిలో గాలి భరించగల గరిష్ఠ ఆవిరి పీడనం 2.3 కిలోపాస్కల్స్. తేమ 60 శాతం అయితే మిగిలిన ఖాళీ 0.9. ఇది ఇంగ్లండు గదికి దగ్గరి లెక్క. ఆదోనిలో ఏప్రిల్ మధ్యాహ్నం 40 డిగ్రీలు, తేమ 30 శాతం అనుకుందాం. గరిష్ఠ పీడనం 7.4, ఖాళీ 5.2. అంటే ఐదింతలకు పైగా తేడా. ఆవిరయ్యే నీరు కాగితాన్ని చల్లబరుస్తుంది కాబట్టి నిజమైన తేడా అంత ఉండదు. ఆ చల్లదనాన్ని కూడా కలిపి లెక్కిస్తే దాదాపు మూడింతలు తేలుతుంది. ఇది గాలి ఆడని గది మాట. పైన ఫ్యాను తిరుగుతున్నా, కొండ మీద వడగాలి వీస్తున్నా పరిస్థితి ఇంకా కఠినం. పుస్తకంలో మూడు నిమిషాలాగి ఉప్పు చల్లమని ఉంటే, అప్పటికి ఇక్కడ కాగితం ఆరిపోయి ఉంటుంది. ఉప్పు గలగలా జారి కింద పడుతుంది. నేర్చుకునేవారు తప్పు తమ చేతిలో ఉందనుకుంటారు. తప్పు గాలి లెక్కది.

ఇప్పుడు గుర్తుల సంగతి. అన్నిటిలోకీ సులువైనది గట్టి అంచు. పొడి కాగితం మీద రంగునీటి మడుగు పెట్టి వదిలేస్తే ఆరాక దాని చుట్టూ ముదురు గీత కడుతుంది. టీ చుక్క ఆరినప్పుడు కట్టే వలయం కూడా ఇదే. షికాగో విశ్వవిద్యాలయంలో రాబర్ట్ డీగన్, ఆయన సహచరులు 1997లో దీని కారణాన్ని తేల్చారు. చుక్క అంచు కాగితాన్ని పట్టుకుని కదలదు. అంచు దగ్గర నీరు పలుచగా ఉంటుంది, త్వరగా ఆవిరవుతుంది. ఆ లోటు పూడ్చడానికి మధ్య నుంచి అంచుకు నీరు పారుతుంది, రేణువులు దాని వెంట కొట్టుకుపోయి అంచున పేరుకుంటాయి. ఆరే వేగం పెరిగిన కొద్దీ ఈ గీతలు అక్కర్లేని చోట కూడా పడిపోతుంటాయి. గుండ్ల మీద వాన చారలకు, కోటగోడ రాళ్ల అతుకులకు అవి అచ్చంగా సరిపోతాయి. ఆకాశానికి మాత్రం పనికిరావు. ఆకాశం కావాలంటే కాగితాన్ని ముందే రెండు వైపులా తడిపి, తడి గుడ్డ మీద పరిచి, మబ్బులోనే లేచి పని మొదలుపెట్టడం మేలు.

ఆరీ ఆరని వాష్‌లో మంచినీటి బొట్టు పడితే పుట్టేది పువ్వు. బొట్టు చుట్టూ ఉన్న కాగితం అప్పటికే తడి కోల్పోయి ఉంటుంది కాబట్టి కొత్త నీరు బయటికి పాకుతుంది. పాకుతూ రంగును తోసుకుపోయి, ఆగిన చోట వంకరటింకర అంచు కడుతుంది. మధ్యలో లేత మచ్చ మిగులుతుంది. నున్నటి వాష్ కోరుకునేవారు దీన్ని పాడైపోవడంగా చూస్తారు. లైకెన్ పట్టిన రాయి వేసేవారికి ఇంతకన్నా మంచి సాయం దొరకదు.

ఉప్పు గుర్తును కూడా ఈ పువ్వుకు చుట్టంగా చూస్తే సులువుగా అర్థమవుతుంది. కల్లుప్పు రవ్వ తడిలో పడి కరుగుతుంది, దాని చుట్టూ చిక్కటి ఉప్పునీరు తయారవుతుంది. ఉప్పునీరు మంచినీటి కంటే మెల్లగా ఆవిరవుతుంది. చుట్టుపక్కల కాగితం ఆరుతుంటే ఆ చిన్న మడుగు ఇంకా తడిగానే ఉండి, బయటికి పాకి రంగును జరుపుతుంది. అంతేకాదు, ఉప్పు కలిసిన నీటిలో రంగు రేణువులు ఒకదాన్నొకటి వికర్షించే బలం తగ్గి గుంపులు కడతాయి. ఈ రెండూ కలిసి చుక్కల, చీలికల నమూనా ఇస్తాయి. రవ్వ పెద్దదైతే పెద్ద నక్షత్రం, సన్న ఉప్పు అయితే ఇసుక మచ్చలు వస్తాయి. మెరుపు పూర్తిగా ఉన్నప్పుడు చల్లితే ఉప్పంతా కరిగి కలిసిపోతుంది. మెరుపు పోయాక చల్లితే ఏమీ జరగదు. మెరుపు మసకబారడం మొదలైన క్షణమే అదును. ఆదోనిలో వేసవిలో ఆ అదును కొద్ది సెకన్లే ఉంటుంది, కాబట్టి ఉప్పు ముందే చేతిలో ఉండాలి.

పొడి గాలి వల్ల ఒక మేలు కూడా ఉంది. చిక్కగా కరిగిన ఉప్పు గాలిలో తేమ సుమారు 75 శాతానికి తగ్గితేనే ఆరుతుంది. అంతకు మించితే ఆరకపోగా గాలి నుంచే తేమ లాక్కుంటుంది. కోస్తా ఊళ్లో వానాకాలం ఉప్పు చల్లిన బొమ్మ రోజుల తరబడి చెమ్మగిల్లుతూనే ఉంటుంది. పశ్చిమ కర్నూలులో ఆ బాధ తక్కువ. బాగా ఆరాక ఉప్పు రవ్వల్ని మెత్తని కుంచెతో దులిపేయాలి. కాగితంలో మిగిలిన ఉప్పు తర్వాత ఏ తడి రోజునైనా మళ్లీ పని మొదలుపెడుతుంది.

స్పిరిట్ కథ వేరు. ఇక్కడ ముఖ్యం తలతన్యత. నీటి ఉపరితలపు లాగుడు మీటరుకు సుమారు 72 మిల్లీన్యూటన్లు, స్పిరిట్‌లోని ఆల్కహాల్‌ది సుమారు 22. తడి వాష్‌లో ఆల్కహాల్ చుక్క పడగానే అక్కడ లాగుడు తగ్గిపోతుంది, చుట్టూ ఉన్న నీరు గట్టిగా లాగుతుంది. రంగునీరు చుక్క నుంచి బయటికి పరుగెత్తి, మధ్యలో లేత వలయం మిగులుతుంది. 1855లో జేమ్స్ థామ్సన్ ద్రాక్షసారా గ్లాసు గోడ మీద కారే చుక్కలకు ఇదే కారణమని చెప్పాడు. 1865లో కార్లో మారంగోని దీన్ని విస్తరించి రాశాడు, ఆయన పేరే నిలిచింది. తలుపులు తీసి, మంట దగ్గర లేకుండా చూసుకుని చేయాల్సిన పని ఇది. రాతి మీద గుండ్రటి లైకెన్లకు దీనికి సాటి లేదు గానీ, ఒక బొమ్మలో రెండు మూడు చోట్లకు మించితే కంటికి కృత్రిమంగా కనిపిస్తుంది.

గ్రానైట్‌కు అసలైన దగ్గరి దారి రేణువులు అడుగున దిగడం. కొన్ని రంగులు ఆరాక కాగితపు గుంటల్లో గింజలు గింజలుగా కనిపిస్తాయి. అల్ట్రామెరీన్ నీలం, కోబాల్ట్ నీలం, మట్టి ఎరుపులు అలాంటివి. వాటి రేణువులు పెద్దవిగానో, బరువైనవిగానో, గుంపులు కట్టేవిగానో ఉంటాయి. స్టోక్స్ సూత్రం ప్రకారం రేణువు వ్యాసం పదింతలైతే దిగే వేగం నూరింతలవుతుంది. ఎర్రమట్టికి రంగునిచ్చే హెమటైట్‌నే తీసుకుందాం. పది మైక్రాన్ల రేణువు అర మిల్లీమీటరు నీటిపొరలో రెండు సెకన్లకే అడుక్కి చేరుతుంది. ఒక మైక్రాన్ రేణువుకు దాదాపు మూడున్నర నిమిషాలు పడుతుంది, బంక కలిసిన నీటిలో ఇంకా ఎక్కువ. థాలోసైనిన్ నీలం రేణువులు మైక్రాన్‌లో పదోవంతు స్థాయివి. అవి దిగేలోపు ఏ వాష్ అయినా ఆరిపోతుంది, అందుకే అవి గింజ కట్టకుండా కాగితం పోగుకు అంటుకుని మరక వేస్తాయి.

మన ఎండ ఇక్కడ నేరుగా అడ్డొస్తుంది. నడిమి పరిమాణపు రేణువులు దిగడానికి కావలసిన కొద్ది నిమిషాలు కూడా అది ఇవ్వదు. పుస్తకంలో బొమ్మకున్నంత గింజ మన బొమ్మకు రాకపోతే రంగు డబ్బాను తప్పుపట్టనక్కర్లేదు. మందపాటి, గరుకు కాగితం వాడండి, వెనక వైపు తడపండి, బల్ల మీద సమంగా పడుకోబెట్టండి, ఫ్యాను ఆపండి. రంగులో రెండు చుక్కల గ్లిజరిన్ కలిపితే తడి ఇంకాస్త నిలుస్తుంది. గ్లిజరిన్ కలిపిన మెత్తటి నీటిరంగుల్ని విన్సర్ అండ్ న్యూటన్ కంపెనీ 1835లో అమ్మకానికి తెచ్చింది. ఎక్కువైతే మాత్రం బొమ్మ ఎప్పటికీ జిగటగా ఉండిపోతుంది.

రంగు కూడా ఇక్కడే చేసుకోవచ్చు. ఆదోని చుట్టూ ఎర్రనేల, నల్లరేగడి రెండూ పక్కపక్కనే దొరుకుతాయి. ఎర్రమట్టిని నీటిలో కలిపి అర నిమిషం ఆగి, పైన తేలే ఎర్రనీటిని మాత్రం ఇంకో గిన్నెలోకి వంచాలి. అడుగున మిగిలిన గరుసును పారబోయాలి. ఇలా నాలుగైదుసార్లు చేసి ఆరబెడితే సన్నని పొడి వస్తుంది. దాన్ని తుమ్మబంక నీటితో రాతి మీద నూరితే ఎరుపు రంగు తయారవుతుంది. అర నిమిషానికి బదులు రెండు సెకన్లే ఆగి వంచితే గింజ కట్టే రకం రంగు వస్తుంది. మీరు ఆగే కాలమే టెక్స్చర్‌ను నిర్ణయిస్తుంది. నల్లరేగడితో ఈ పని చేయబోతే మాత్రం నిరాశే మిగులుతుంది. అందులో మాంట్‌మోరిల్లోనైట్ అనే బంకమన్ను ఉంటుంది. తడికి ఉబ్బి, ఆరితే ముడుచుకుని పగులుతుంది. వేసవిలో పొలంలో నెరియలు విచ్చే కారణం అదే, కాగితం మీద పొర పగిలి రాలే కారణం కూడా అదే.

ఏ నీటితో రంగు కలుపుతున్నారన్నది కూడా లెక్కలోకి వస్తుంది. గట్టి బోరు నీటిలో కాల్షియం, మెగ్నీషియం అయాన్లుంటాయి. రెండు ఆవేశాలున్న ఈ అయాన్లు మామూలు ఉప్పులోని సోడియం కంటే ఎన్నో రెట్లు బలంగా రేణువుల్ని గుంపు కట్టిస్తాయి. బోరు నీటితో ఒక చారిక, తుంగభద్ర దిగువ కాలువ నీటితో ఒకటి, పట్టుకున్న వాననీటితో ఒకటి అల్ట్రామెరీన్‌తో పక్కపక్కన వేసి చూడండి. గట్టి నీటిలో గింజ ఎక్కువ కట్టే అవకాశం ఉంది. తాగడానికి ఇష్టపడని నీరు రాయి వేయడానికి ఉపయోగపడటం నాకు చాలా సంతోషం కలిగించే విషయం.

మిగిలినవి చకచకా చెప్పేయవచ్చు. తెల్ల కొవ్వొత్తితో రుద్దిన చోట నీరు నిలవదు, రాతిలోని క్వార్ట్జ్ గీతలకు అది వాడతారు. కోరమాండల్ అద్దకాల్లో నీలి తొట్టిలో ముంచే ముందు బట్టకు మైనం పట్టించడం ఇదే సూత్రం. నీరు దాదాపు పిండేసిన కుంచెను గరుకు కాగితం మీద పడుకోబెట్టి లాగితే ఎత్తుల మీదే రంగు అంటుతుంది. మంత్రాలయం దగ్గర తుంగభద్ర మీది మెరుపుకు, ఎండిన గడ్డికి ఇంతకంటే చేయాల్సింది లేదు. మన వాతావరణం సహజంగా కోరే పద్ధతి కూడా ఇదే. ఎమ్మిగనూరు మగ్గాల దగ్గర మిగిలే నూలు పోగుల్ని తడి వాష్ మీద పరిచి ఆరాక తీస్తే పోగు వెంబడి రంగు చేరి సన్నని గీతల వల పడుతుంది. పోగు కింద తడి ఆలస్యంగా ఆరడమే దానికి కారణం. రాతి పగుళ్లకు ఆ వల బాగా కుదురుతుంది.

తెలుగువారి నీటిరంగుల చరిత్ర ఎక్కువగా తడి గాలిలో నడిచింది. అందులో ఒక పాయ కలకత్తాలో మొదలైంది. 1903లో అక్కడికి వచ్చిన జపాన్ చిత్రకారులు యొకోయామా తైకాన్, హిషిదా షున్సో పని చూసి అవనీంద్రనాథ్ ఠాగూర్ తన వాష్ పద్ధతిని రూపొందించుకున్నారు. రంగు వేయడం, ఆరనిచ్చి బొమ్మ మొత్తాన్ని నీటిలో ముంచడం, మళ్లీ వేయడం ఆ పద్ధతి. ప్రతి ముంచుడుకు అంటుకోని రేణువులు పోయి, పోగులో పట్టినవే నిలుస్తాయి. అందుకే ఆ బొమ్మలకు మంచు కమ్మినట్టుండే మెత్తదనం వస్తుంది. ప్రమోద్ కుమార్ చటోపాధ్యాయ మచిలీపట్నం ఆంధ్ర జాతీయ కళాశాలకు ఆ పాఠం తెచ్చారు, అడివి బాపిరాజు అక్కడే నేర్చుకున్నారు. దామెర్ల రామారావు 1897 నుంచి 1925 వరకు సాగిన కొద్దిపాటి జీవితంలో నీటిరంగులకు పేరు తెచ్చింది గోదావరి ఒడ్డున రాజమహేంద్రవరంలో. ఆ మెత్తదనం ఆదోని రాయికి తగదు. ఈ రాయికి గింజ కావాలి, గట్టి అంచు కావాలి, పొడి కుంచె కావాలి. త్వరగా ఆరబెట్టే గాలి వీటిలో రెండింటిని అడగకుండానే ఇస్తుంది. గింజకు మాత్రం మనం తడిని నిలబెట్టుకోవాలి.

ఆదోని, ఎమ్మిగనూరు బడుల్లో డ్రాయింగ్ చెప్పే టీచర్లకు, సైన్స్ చెప్పే టీచర్లకు ఒక మనవి. మీరిద్దరూ కలిసి ఒక నోటుపుస్తకం పెట్టండి. నెలకొకసారి ఒకే రకం కాగితం, ఒకే రంగు, ఒకే పరిమాణం వాష్ పిల్లల చేత వేయించండి. ఆ రోజు ఉష్ణోగ్రత, గాలిలో తేమ, మెరుపు మసకబారడానికి పట్టిన సెకన్లు రాయించండి. పక్కన ఉప్పు చల్లిన ముక్కను అతికించండి. ఏడాది తిరిగేసరికి మన గాలికి సరిపోయే నీటిరంగుల పట్టిక మన పిల్లల చేతిరాతలో తయారవుతుంది. ఆ పుస్తకాన్ని తర్వాతి తరగతికి ఇవ్వడం మరచిపోకండి.